నగరం ఇచ్చే డౌన్ పేమెంట్ డబ్బు: సాయమా, రెండో తనఖానా?

కొన్నేళ్ల కిందట డాలస్ శివార్లలో మా చిన్నాన్న కొడుకు ఇల్లు కొన్న రోజున, యాజమాన్య బదిలీ కాగితాలు పూర్తిచేసే టైటిల్ కంపెనీ బల్ల దగ్గర నేనూ కూర్చున్నాను. సంతకాలు చేయాల్సిన కాగితాల దొంతర నూరు పేజీలు దాటింది. చాలావరకు బ్యాంకు అప్పుకు సంబంధించినవే. అన్నీ అయ్యాక నోటరీ ఒక పల్చటి కట్టను విడిగా ముందుకు జరిపి, ఇవి సిటీ వాళ్లవి అని చెప్పింది. అందులో ఒక ప్రామిసరీ నోటు, ఇంటిని నగరానికి తనఖా పెడుతున్నట్టు రాసిన డీడ్ ఆఫ్ ట్రస్ట్ ఉన్నాయి. వాడు పెన్ను పక్కన పెట్టి, "అన్నయ్యా, ఇది ఊరికే ఇచ్చే డబ్బన్నారు కదా, మళ్లీ తనఖా ఏమిటి?" అన్నాడు. గంటలో తాళాలు చేతికొచ్చే సమయంలో అడగాల్సిన ప్రశ్న కాదది. మూడు నెలల ముందే అడగాల్సింది.

అమెరికాలో నగరాలూ కౌంటీలూ ఇల్లు కొనేవారికి ఇచ్చే సాయం గురించి మనవాళ్లలో రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. అది పేదలకు మాత్రమే ఇచ్చేది, మనకు సంబంధం లేదన్నది ఒకటి. ప్రభుత్వం పంచిపెడుతున్న డబ్బు, తీసుకోకపోతే మనదే నష్టమన్నది రెండోది. రెండూ సగం సగం నిజాలే. మనకు అలవాటైన సబ్సిడీ కొలతతో చూస్తే ఈ పథకాలు అర్థం కావు. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో కొన్నేళ్లపాటు నడిచిన వడ్డీ రాయితీ నేరుగా అప్పు ఖాతాలో జమై, అసలు ఆ మేరకు తగ్గిపోయేది. అమెరికా నగరం ఇచ్చే డబ్బు అలా కలిసిపోదు. చాలా పథకాల్లో అది విడిగా, తన పేరుతో, ఇంటి దస్తావేజుల మీద కూర్చుని ఉంటుంది.

ముందు అసలు ఇబ్బంది ఏమిటో చూద్దాం. నెలకు 2,000 డాలర్ల అద్దె తప్పకుండా కడుతున్న కుటుంబానికి అదే మొత్తంలో ఇంటి వాయిదా కట్టడం పెద్ద కష్టం కాదు. కష్టమల్లా గుమ్మం దాటడానికి ఒక్కసారిగా కావాల్సిన నగదు. 3 లక్షల డాలర్ల ఇంటికి ఎఫ్‌హెచ్‌ఏ అప్పు (ఫెడరల్ ప్రభుత్వ సంస్థ బీమా ఉండే బ్యాంకు అప్పు) తీసుకుంటే కనీస డౌన్ పేమెంట్ 3.5 శాతం, అంటే 10,500 డాలర్లు. టైటిల్ బీమా, ఇంటి విలువ కట్టే అప్రైజల్, బ్యాంకు రుసుములు, ముందుగా కట్టే ఆస్తిపన్ను, ఇంటి బీమా వంటివన్నీ కలిసి క్లోజింగ్ ఖర్చు, అంటే కొనుగోలు పూర్తయ్యే రోజు ఖర్చు, ఇంటి ధరలో 3 శాతమనుకుంటే మరో 9,000. ఆ రోజుకు చేతిలో 19,500 డాలర్లు ఉండాలి. స్థానిక ప్రభుత్వాల పథకాలు పూడ్చేది ఈ గుంటనే. అవి నెలవారీ వాయిదా కట్టవు, ఇంటి ధర తగ్గించవు.

ఈ పని నగరమే ఎందుకు చేయాలి, బిల్డరో ఇల్లు అమ్మేవాడో ఎందుకు చేయకూడదు అన్న ప్రశ్నకు చిన్న చరిత్ర ఉంది. 2008కి ముందు కొన్ని సంస్థలు అమ్మేవారి దగ్గర డబ్బు తీసుకుని కొనేవారికి డౌన్ పేమెంట్‌గా ఇచ్చేవి. అమ్మేవాడు ఆ మొత్తాన్ని ఇంటి ధరలో కలిపి తిరిగి రాబట్టుకునేవాడు. ఆ అప్పులు ఎక్కువగా మునిగిపోవడంతో, 2008లో వచ్చిన గృహ, ఆర్థిక పునరుద్ధరణ చట్టం ఎఫ్‌హెచ్‌ఏ అప్పుల విషయంలో అమ్మేవారి డబ్బుతో కనీస డౌన్ పేమెంట్ కట్టడాన్ని నిషేధించింది. కనీస డౌన్ పేమెంట్‌ను 3 నుంచి 3.5 శాతానికి పెంచింది కూడా ఆ చట్టమే. ప్రభుత్వ సంస్థ ఇచ్చే డబ్బుకు మాత్రం దారి తెరిచే ఉంది. ఈ పథకాల మీద నగరం పేరో, కౌంటీ పేరో తప్పకుండా కనిపించడానికి ఇదొక కారణం.

నగరం పేరు ఉన్నంత మాత్రాన డబ్బు నగరానిది కాదు. షరతులు ఎక్కడినుంచి పుడుతున్నాయో తెలియాలంటే డబ్బు ఎక్కడిదో తెలియాలి. కొంత భాగం 1974 నుంచి నడుస్తున్న కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంటుది. మరికొంత 1990 నాటి చట్టంతో పుట్టిన ‘హోమ్’ కార్యక్రమానిది. ఈ రెండింటినీ హడ్ అని అందరూ పిలిచే ఫెడరల్ గృహనిర్మాణ శాఖ నగరాలకు, కౌంటీలకు, రాష్ట్రాలకు పంచుతుంది. 2024 ఆర్థిక సంవత్సరానికి ‘హోమ్’కు దేశం మొత్తానికి కేటాయించింది 125 కోట్ల డాలర్లు. అందులో అద్దె ఇళ్ల నిర్మాణం, పాత ఇళ్ల మరమ్మతు కూడా ఉన్నాయి కాబట్టి ఒక మధ్యస్థాయి నగరంలో ఇల్లు కొనేవారి వాటాకు మిగిలేది ఎక్కువేమీ కాదు. మూడో దారి బాండ్లది. టెక్సస్ వంటి రాష్ట్రాల్లో నగరాలూ కౌంటీలూ కలిసి పెట్టుకున్న స్థానిక గృహ ఆర్థిక సంస్థలు పెట్టుబడి మార్కెట్ నుంచి డబ్బు తెచ్చి లెండర్ల (అప్పిచ్చే సంస్థల) ద్వారా ఇస్తాయి. ఇవి కాక స్థానిక పన్నుల నుంచి సొంత నిధి పెట్టుకున్న నగరాలూ ఉన్నాయి. ఫెడరల్ డబ్బైతే ఆదాయ పరిమితి, ఇంటి ధర పరిమితి, నివాస కాలం అన్నీ గట్టిగా ఉంటాయి. బాండ్ల మార్కెట్ డబ్బైతే షరతులు కాస్త వదులుగా ఉండి, ఖరీదు వడ్డీలో దాగుతుంది.

సాయమనే ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు కాగితాలు ఉన్నాయి.

అందరూ ఆశించేది మొదటిదైన గ్రాంటు. తిరిగి కట్టక్కరలేదు, తనఖా ఉండదు. ఇది ఎక్కువగా బాండ్ల తరహా పథకాల్లో దొరుకుతుంది, అందుకే ఇక్కడ కాగితం పెన్సిలు తీసి లెక్క కట్టుకోవాలి. 3 లక్షల అప్పు మీద 3 శాతం, అంటే 9,000 డాలర్లు గ్రాంటుగా ఇస్తామంటూ, అదే పథకంలో బ్యాంకు వడ్డీ 6.5కి బదులు 7 శాతం ఉందనుకుందాం. ముప్ఫై ఏళ్ల అప్పుకు నెల వాయిదా సుమారు 1,896 నుంచి 1,996 డాలర్లకు పెరుగుతుంది. నెలకు నూరు డాలర్ల తేడా. ఏడున్నరేళ్లకు గ్రాంటు సొమ్మంతా వడ్డీ రూపంలో తిరిగి వెళ్లిపోయినట్టే, ఆ తర్వాత కట్టేదంతా అదనం. రెండేళ్లలో వడ్డీలు పడిపోయి రీఫైనాన్స్ చేసుకోగలిగినవాడికి, అంటే తక్కువ వడ్డీకి కొత్త అప్పు తెచ్చి పాతది తీర్చేయగలిగినవాడికి, ఇది మంచి బేరం. చేసుకోలేనివాడికి కాదు. నన్నడిగితే గ్రాంటు అన్న పదం విన్న వెంటనే, ఆ పథకం లేకుండా అదే లెండర్ ఎంత వడ్డీకి ఇస్తాడో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.

రెండోది కాలక్రమేణా మాఫీ అయ్యే అప్పు. నగరాల్లో ఎక్కువగా కనిపించేది, మా తమ్ముడి కట్టలో ఉన్నది ఇదే. వడ్డీ లేదు, నెల వాయిదా లేదు, చెప్పినన్నాళ్లు అదే ఇంట్లో ఉంటే అప్పు రద్దవుతుంది. ‘హోమ్’ నిధుల విషయంలో దశాబ్దాలపాటు అమలైన లెక్క ప్రకారం సాయం 15,000 డాలర్ల లోపైతే 5 ఏళ్లు, 40,000 వరకు 10 ఏళ్లు, అది దాటితే 15 ఏళ్లు. న్యూయార్క్ నగరం హోమ్‌ఫస్ట్ పేరుతో లక్ష డాలర్ల వరకు ఇచ్చే పథకం కూడా ఇదే తరహాలో, మొత్తాన్ని బట్టి పదేళ్లో పదిహేనేళ్లో ఆ ఇంట్లో ఉండమంటుంది. అయితే మాఫీ ఎలా జరుగుతుందన్నది నోటులో ఒకే ఒక్క వాక్యంలో ఉంటుంది, ఆ వాక్యం మీదే వేల డాలర్లు ఆధారపడి ఉంటాయి. 30,000 డాలర్లు పదేళ్లకు మాఫీ అనుకోండి. ఏటా పదో వంతు చొప్పున తగ్గే పద్ధతి అయితే ఆరేళ్లు నిండాక ఇల్లు అమ్మితే కట్టాల్సింది 12,000. పదేళ్లు నిండిన రోజునే మొత్తం మాఫీ అయ్యే పద్ధతి అయితే తొమ్మిదేళ్ల పదకొండు నెలలకు అమ్మినా 30,000 కట్టాల్సిందే. పథకం కరపత్రం రెండింటినీ ఒకే మాటతో, మాఫీ అయ్యే అప్పు అనే చెబుతుంది.

మూడోది వాయిదా వేసిన అప్పు. ఇది మాఫీ కాదు, ఇల్లు అమ్మినప్పుడో, ఆ ఇంట్లో నివాసం మానేసినప్పుడో మొత్తం తిరిగి కట్టాలి. వడ్డీ లేకపోతే ఇదీ చెడ్డ బేరం కాదు, ఇరవై ఏళ్ల తర్వాత కట్టే 20,000 డాలర్ల విలువ ఈ రోజు విలువతో సమానం కాదు కదా. వాషింగ్టన్ డీసీలో 1978 నాటి చట్టంతో మొదలైన గృహ కొనుగోలు సాయ పథకం 2022 అక్టోబరు నుంచి గరిష్ఠ మొత్తాన్ని 80,000 నుంచి ఏకంగా 2 లక్షల 2 వేల డాలర్లకు పెంచింది. పెంచిన ఫలితం కూడా వెంటనే కనిపించింది: 2023లో ఆర్థిక సంవత్సరం ముగియకముందే నిధులు నిండుకున్నాయి.

నాలుగోది పెరిగిన విలువలో వాటా అడిగే అప్పు. ఇళ్ల ధరలు ఆకాశాన్నంటిన చోట్ల, ముఖ్యంగా శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ పద్ధతి ఉంది. 6 లక్షల డాలర్ల ఇంటికి నగరం 20 శాతం, అంటే లక్షా 20 వేలు పెట్టిందనుకుందాం. ఎనిమిదేళ్లకు ఆ ఇల్లు 9 లక్షలకు అమ్ముడైతే పెరిగిన 3 లక్షల్లో 20 శాతం, అంటే 60,000 నగరానిది. తను పెట్టిన లక్షా 20 వేలతో కలిపి లక్షా 80 వేలు వెనక్కి తీసుకుంటుంది. వినగానే మనవాళ్లకు మండిపోతుంది, కష్టపడి వాయిదాలు కట్టింది మనం, లాభం సర్కారుకా అని. నాకు మాత్రం నాలుగింటిలో అన్నిటికన్నా నిజాయితీగల కాగితం ఇదేననిపిస్తుంది. భాగస్వామి వాటా ఎంతో మొదటి రోజే చెప్పేస్తుంది, తిరిగి వచ్చిన డబ్బు మరో కుటుంబానికి వెళ్తుంది. గిరాకీ సంగతికొస్తే, ఇదే తరహాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2023 మార్చిలో సుమారు 30 కోట్ల డాలర్లతో తెరిచిన పథకం పదకొండు రోజుల్లో ఖాళీ అయింది. మరుసటి ఏడాది నుంచి లాటరీ పెట్టాల్సి వచ్చింది.

ఇక అర్హత. ‘హోమ్’ నిధులకు కుటుంబ ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో (సగం కుటుంబాలు దీనికి పైన, సగం కింద ఉంటాయి) 80 శాతం దాటకూడదు. ఈ పరిమితిని హడ్ ఏటా ప్రకటిస్తుంది, నలుగురి కుటుంబాన్ని ప్రమాణంగా పెట్టుకుని మిగతావారికి సర్దుతుంది. ఒక ప్రాంతంలో నలుగురికి పరిమితి 80,000 డాలర్లైతే ఒంటరి మనిషికి 56,000, ఇద్దరికి 64,000, ముగ్గురికి 72,000, ఐదుగురికి 86,400. సాఫ్ట్‌వేర్ జీతాలు రెండు వచ్చే ఇంటికి ఇది పనికిరాదని చూడగానే తెలుస్తుంది. ఒక్కరి జీతం మీద నడిచే ఇల్లు, డేకేర్‌లోనో బడిలోనో పనిచేసేవారు, ఫార్మసీ టెక్నీషియన్లు, దుకాణాల్లో గంటల లెక్కన పనిచేసేవారు, కుటుంబ కోటాలో గ్రీన్‌కార్డు మీద వచ్చి కొత్తగా నిలదొక్కుకుంటున్నవారు మనలో ఎందరో ఉన్నారు, ఈ పథకాలు వాళ్లవి. సాఫ్ట్‌వేర్ బంధువుల మాట విని వాళ్లు కూడా మనకు రాదులే అనుకోవడమే విచారకరం.

ఆదాయం లెక్కించే తీరులో ఒక మెలిక ఉంది. చాలా నగరాలు చూసేది కిందటేడాది పన్ను రిటర్నును కాదు, రాబోయే పన్నెండు నెలల్లో ఇంటిల్లిపాదికీ వచ్చే అవకాశమున్న ఆదాయాన్ని. అప్పులో పేరు లేకపోయినా ఆ ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్ల సంపాదన కలుస్తుంది. పే స్టబ్‌లో (జీతం చీటీలో) క్రమంగా కనిపించే ఓవర్‌టైమ్ కలుస్తుంది. దరఖాస్తుకూ క్లోజింగ్‌కూ మధ్య జీతం పెరిగి, పరిమితి దాటి, సాయం చేజారిన కుటుంబం నాకు తెలుసు. జీతం పెరిగిందని ఏడ్చినవాళ్లను నేను చూసింది అప్పుడే. ఇక విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చిన అమ్మానాన్నలు సాధారణంగా అతిథులే అవుతారు తప్ప, కుటుంబ సంఖ్య పెంచుకోవడానికి పనికిరారు.

మొదటిసారి కొనేవారు అన్న షరతుకు ఎప్పుడూ సొంతిల్లు లేనివారని అర్థం కాదు. సాధారణ నిర్వచనం ప్రకారం గత మూడేళ్లలో సొంతిల్లు లేకపోతే చాలు. ఆస్తుల విషయానికొస్తే, హైదరాబాదులో ఫ్లాటు గానీ ఊళ్లో నాన్నగారు రాసిచ్చిన స్థలం గానీ ఉంటే దరఖాస్తులో ఆస్తుల గడిలో రాయాల్సిందే. దాన్ని ఎలా లెక్కపెట్టాలో నగరం తేలుస్తుంది. అమెరికాలో లేదు కదా అని వదిలేయడం చిన్న పొరపాటు కాదు, ఫెడరల్ డబ్బు కోసం సంతకం చేసిన పత్రంలో తెలిసి తప్పు రాయడం నేరం.

హెచ్-1బి మీద ఉన్నవారికి తలుపు చాలావరకు మూసే ఉంది. పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి, శరణార్థుల వంటి కొన్ని వర్గాలకు మాత్రమే ఇస్తామని అనేక నగరాలు తమ నిబంధనల్లో రాసుకున్నాయి. ఫెడరల్ ప్రయోజనాలు ఎవరికి అందవచ్చో గీత గీసిన 1996 సంక్షేమ చట్టం దీని వెనుక ఉంది. అది చాలదన్నట్టు, 2025 మే 25 నుంచి శాశ్వత నివాసులు కానివారికి ఎఫ్‌హెచ్‌ఏ అప్పు కూడా ఆగిపోయింది. హెచ్-1బి మీద సాధారణ బ్యాంకు అప్పు తీసుకుని ఇల్లు కొనడానికి మాత్రం దీనితో అడ్డు లేదు. పోయింది సాయమే గానీ కొనే హక్కు కాదు.

అర్హత ఉన్నా పరుగు పందెంలో కాళ్లకు బండ కట్టినట్టుండేది కాలయాపన. హడ్ గుర్తించిన సంస్థ దగ్గర కౌన్సెలింగ్ తరగతి పూర్తిచేసి ధ్రువపత్రం తేవాలి. నగరం తనిఖీ మనిషిని పంపి ఇల్లు ప్రమాణాలకు తగ్గట్టు ఉందో లేదో చూస్తుంది, 1978కి ముందు కట్టినదైతే సీసం కలిసిన రంగు పెచ్చులూడుతోందేమో చూస్తుంది. ‘హోమ్’ కింద ఇంటి ధర కూడా ఆ ప్రాంతపు మధ్యస్థ ధరలో 95 శాతం లోపు ఉండాలి. ఇవన్నీ పూర్తయ్యేలోపు నగదు పెట్టి రెండు వారాల్లో ముగిస్తామనే కొనుగోలుదారు వస్తే, అమ్మేవాడు మన కోసం ఎందుకు ఆగుతాడు? అందుకే ఈ పథకంతో ఇదివరకు పని చేసిన లెండర్‌ను, రియల్టర్‌ను వెతుక్కోవడం ఇంటిని వెతుక్కోవడం కంటే ముందు జరగాలి. నిధులు నగరం ఆర్థిక సంవత్సరం మొదట్లో వచ్చి కొన్ని నెలలకే అయిపోతుంటాయి కాబట్టి, ఆ నెల ఏదో తెలుసుకోవడం కూడా దరఖాస్తులో భాగమే.

అన్నిటికన్నా మనవాళ్లకు అడ్డొచ్చే షరతు మరొకటి ఉంది. మొదట ఓ చిన్న ఇల్లు కొనడం, మూడు నాలుగేళ్లకు మంచి స్కూల్ డిస్ట్రిక్టులో పెద్దది కొని పాతదాన్ని అద్దెకివ్వడం మన కుటుంబాల్లో దాదాపు ఆనవాయితీ. నగరం డబ్బు తీసుకున్న ఇంట్లో అది కుదరదు. గడువు తీరేవరకు అదే ప్రధాన నివాసంగా ఉండాలి. అద్దెకిచ్చిన రోజున షరతు తప్పినట్టే లెక్క, మాఫీ కాకుండా మిగిలిన మొత్తం కట్టమని నోటీసు వస్తుంది. నివాసం నిజమో కాదో చూడటానికి ఏటా సంతకం చేసి పంపమని ఉత్తరాలు పంపే నగరాలూ ఉన్నాయి. ఇల్లు అమ్మినప్పుడు ఒక రక్షణ మాత్రం ఉంది. ‘హోమ్’ నియమాల్లో తిరిగి రాబట్టే పద్ధతి కింద, మొదటి అప్పూ అమ్మకం ఖర్చులూ పోగా మిగిలినదానికి మించి నగరం అడగకూడదు. ధరలు పడిపోయి ఏమీ మిగలకపోతే జేబులోంచి కట్టక్కరలేదు. పునర్విక్రయ పద్ధతి ఎంచుకున్న నగరమైతే డబ్బు అడగదు గానీ, అంతే ఆదాయమున్న మరో కుటుంబానికి, వారు భరించగలిగే ధరకే అమ్మమంటుంది. ఈ రెండింటిలో ఏది వర్తిస్తుందో తెలియకుండా సంతకం చేయకూడదు.

వడ్డీలు తగ్గినప్పుడు రీఫైనాన్స్ చేయబోతే నగరం మళ్లీ ఎదురవుతుంది. కొత్త బ్యాంకు తానే మొదటి స్థానంలో ఉండాలంటుంది, కాబట్టి నగరం తన తనఖాను రెండో స్థానంలోనే ఉంచుకోవడానికి ఒప్పుకుంటూ పత్రం ఇవ్వాలి. వడ్డీ తగ్గించుకోవడానికైతే సాధారణంగా ఒప్పుకుంటారు, కాకపోతే వారాలు పడుతుంది. ఇంటి విలువ మీద నగదు తీసుకోవడానికైతే చాలా నగరాలు ఒప్పుకోవు.

తనఖా గొడవ లేని సాయం ఒకటుంది, దాన్ని అడిగేవారే తక్కువ. స్థానిక గృహ ఆర్థిక సంస్థలు కొన్ని ఇచ్చే మార్ట్‌గేజ్ క్రెడిట్ సర్టిఫికెట్ ఉంటే, కట్టే వడ్డీలో నిర్ణీత శాతం ఏటా ఫెడరల్ పన్నులోంచే నేరుగా తగ్గుతుంది. ఆ శాతం 20 దాటితే ఏడాదికి 2,000 డాలర్లకు మించి తగ్గదు. తొమ్మిదేళ్లలోపు లాభానికి ఇల్లు అమ్మి, ఈలోగా ఆదాయం కూడా బాగా పెరిగి ఉంటే కొంత వెనక్కి కట్టాల్సి రావచ్చు.

మా తమ్ముడు ఆ రోజు పెన్ను తీసి సంతకం చేశాడు. వాడిది అయిదేళ్ల నోటు, ఏటా అయిదో వంతు తగ్గేది. నిరుడు ఆ అయిదేళ్లూ నిండాయి. ఇక అయిపోయిందనుకున్నాడు గానీ, కౌంటీ రికార్డుల్లో వెతికితే నగరం తనఖా అలాగే ఉంది. నోటు తీరినంత మాత్రాన రికార్డులోంచి తనఖా దానంతట అది తొలగదు, నగరం విడుదల పత్రం రాసివ్వాలి, దాన్ని కౌంటీ క్లర్కు దగ్గర నమోదు చేయించాలి. రెండు ఈమెయిళ్లు, మూడు ఫోన్లు, ఏడు వారాలు పట్టింది. ఒకే ఒక్క పేజీ. దాన్ని వాడు ఇంటి దస్తావేజుల ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టుకున్నాడు.